ఒక్కడి కోసం ఊరంతా ఎక్కిన మిట్ట

గ్రిన్‌డాల్ లోయలో నలభై ఐదేళ్ళ లోపు మనిషి ఎవరైనా సరే, బతుకులో మొట్టమొదట క్లచ్ తొక్కింది ట్రిగ్వె స్లెట్టెన్ పక్కన కూర్చునే. ఇరవై ఏడేళ్ళుగా ఆ లోయకు కారు నేర్పుతున్నది ఆయనే. పాస్టరుకు నేర్పాడు, పాస్టరు కూతురికి నేర్పాడు, స్కూలు హెడ్మాస్టరు స్వెర్రెకు నేర్పాడు. పొద్దున ఎనిమిదింటికి నోరు తెరిస్తే సాయంత్రం నాలుగింటి దాకా ఒకటే వరస: "అద్దం చూడు. మళ్ళీ చూడు. గేరు మార్చు. కాలు తియ్యి. తియ్యమన్నానా లేదా?" అంతసేపు ఆడిన నోరు ఇంటికొచ్చాక ఊరుకోమంటే ఊరుకుంటుందా? బంగాళాదుంపల తొక్క ఎలా తియ్యాలో భార్య గున్వోర్‌కు చెబుతాడు. కట్టెలు ఎలా పేర్చుకోవాలో పక్కింటివాళ్ళకు కంచె మీది నుంచి చెబుతాడు. మనిషి బంగారం. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే ఎవడో ఒకడు ఏనాడో మొహం మీద చెప్పి పారేసేవాడు.

చెప్పాల్సిందల్లా ఒక్కటే. ట్రిగ్వెకు మిట్ట ఎక్కడం రాదు.

కారులో కాదు, మంచు మీద జారే పొడుగాటి స్కీల మీద. అదేం పెద్ద విషయమా అనుకునేవాళ్ళు ఆ లోయలో పుట్టనివాళ్ళు. గ్రిన్‌డాల్‌కు రెండు వైపులు: ఎండవైపు, నీడవైపు. నీడవైపు వాళ్ళకు నవంబరు నుంచి ఫిబ్రవరి రెండో వారం దాకా సూర్యుడి మొహం కనపడదు. చీకట్లో వేరే పనేముంది, స్కీలు కట్టుకుని తిరుగుతారు, అందుకే గెలుస్తారు అని ఎండవైపు వాళ్ళ సణుగుడు. మార్చి మూడో ఆదివారం ఈ రెండు వైపులకూ రిలే పందెం. జట్టుకు నలుగురు. మొదటి ఇద్దరిది చదును, నాలుగో మనిషిది దిగుడు. మూడో మనిషిదే గుర్రాలమిట్ట. పాతకాలంలో దుంగలు లాగే గుర్రాలు దాని సగంలో ఆగిపోయి, ఎంత అదిలించినా కదలకపోయేవట. పందెం గెలవడమన్నా ఓడడమన్నా ఆ మిట్ట మీదే. పదకొండేళ్ళుగా ఆ మూడో వంతు ట్రిగ్వెది. పదకొండేళ్ళుగా ఎండవైపు ఓడుతోంది.

ఆ వంతు ఆయనకు ఎలా వచ్చిందంటే, నోటి వల్ల వచ్చింది. అంతకుముందు ఎక్కే మనిషి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. స్కీ క్లబ్బు గుడిసెలో మీటింగు పెట్టారు. గుర్రాలమిట్టను శాస్త్రప్రకారం ఎలా ఎక్కాలో ట్రిగ్వె నిలబడి నలభై నిమిషాలు వివరించాడు. ఇంత తెలిసిన మనిషిని ఎదురుగా పెట్టుకుని ఇంకొకరి పేరు చెప్పడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

నిజానికి ఆయనకు తెలియనిది లేదు. స్కేటింగ్ పద్ధతిలో రెండు స్కీలూ ముందు విడివిడిగా, వెనక దగ్గరగా పెట్టి, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మొత్తం మార్చుకుంటూ పోవాలి. మిట్ట నిటారుగా ఉంటే అడుగులు చిన్నవి చెయ్యాలి, తొందరగా వెయ్యాలి. నడుం దగ్గర వంగకూడదు, చూపు పైన ఉండాలి. రెండు చేతుల్లోని కర్రలూ ఒక పక్క కాలితో పాటే మంచులో గుచ్చాలి. రెండో కాలి వంతుకు కర్రలు ఊరికే వెనక్కి వస్తాయి. కొందరికి కుడి వాటం, కొందరికి ఎడమ. కానీ దారి పక్కకు వాలి ఉంటే మాత్రం మన వాటం చెల్లదు, ఎటువైపు ఎత్తుంటే అటువైపు గుచ్చుకోవాలి. ఇదంతా ట్రిగ్వె నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

చెయ్యడం వేరు. గుర్రాలమిట్ట దారి కొండ పక్కను తొలిచి వేసింది. ఎడమ ఎత్తు, కుడి పల్లం. ట్రిగ్వెకు వచ్చింది కుడి ఒక్కటే. ఎడమ మార్చమంటే ఆయన ఒళ్ళు మారదు. తలొంచుకుని స్కీల మొనలే చూస్తూ, నడుం దగ్గర రెండుగా విరిగి, కాలవ దాటుతున్నట్టు బారెడు బారెడు అడుగులు వేస్తూ, అడుగడుక్కీ జానెడు పల్లానికి జారుతూ, ఏటా సగం మిట్టలో కుడిపక్క బర్చ్ పొదల్లో తేలేవాడు. పొదల్లోంచి లేచి, మంచు దులుపుకుని, పైదాకా ఈడ్చుకుంటూ పోయేసరికి నీడవైపు మనిషి వంతు అప్పచెప్పేసి కాఫీ తాగుతుండేవాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు ఏటేటా ఒక వస్తువు మీద పడేది. ఒక ఏడు స్కీల అడుగున రుద్దే మైనం. మరో ఏడు స్కీలు మరీ బిరుసు. ఆ పై ఏడు కర్రలు రెండు సెంటీమీటర్లు పొట్టి. గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే గడియారం కొన్నాడు. అది సగం మిట్టలో ఆగకుండా కూతపెడితే దాన్నీ తిట్టి మార్చాడు. గ్యారేజీలో పదమూడు జతల స్కీలు గోడకు నిలబడ్డాయి, కారు బయట మంచులో నిలబడింది. ఏమాటకామాట చెప్పుకోవాలి. ఆయనకు గెలుపు కావాలి, నిజంగా కావాలి. పందెం అయిపోయిన సాయంత్రం పదమూడు జతల మధ్య పీట వేసుకుని, చేతిలో మైనం బిళ్ళ పట్టుకుని, దాన్ని ఏ స్కీకీ రుద్దకుండా ఊరికే కూర్చునేవాడు. ఒక్కసారి, ఒక్క ఏడు, ఆ మిట్ట పైన నీడవైపు వాడి కంటే ముందు నాలుగో మనిషికి చెయ్యి అందిస్తే చాలునని ఆయన కోరిక. వయసు యాభై మూడు. ఇంకెన్నేళ్ళు మిగిలాయి?

పన్నెండో ఏడు జనవరిలో క్లబ్బు కమిటీ గుడిసెలో చేరింది. ట్రిగ్వెకు ఆ సాయంత్రం ఒసంగా ఊళ్ళో డ్రైవింగ్ పాఠం ఉందని చూసుకునే చేరింది. వాఫెల్సు వేశారు, మీద గోధుమరంగు చీజ్ చెక్కారు, గంటసేపు వాతావరణం మాట్లాడారు. ఆఖరుకు ఛైర్మన్ స్వెర్రె గొంతు సవరించుకున్నాడు.

"మూడో వంతు సంగతి..." అన్నాడు.

అందరూ వాఫెల్సు వంక చూశారు.

"ఎవరో ఒకరు చెప్పాలి కదా."

"చిన్నప్పటి నుంచి స్నేహితుడివి. నువ్వే చెప్పు," అంది పోస్టాఫీసావిడ.

"నేనా? అమ్మో! డ్రైవింగ్ పరీక్ష నేను నాలుగుసార్లు తప్పాను. ఈ రోజు దాకా వాడు ఒక్కడికీ చెప్పలేదు. అలాంటివాడితో నీకు చేతకాదురా అని ఏ నోటితో అనను?"

"నాలుగుసార్లా?" అన్నాడు పాస్టరు, చాలా సంతోషంగా. "నేను మూడే."

అలా ఒక్కొక్కరిదీ బయటపడింది. ఆ గదిలో ట్రిగ్వె కడుపులో దాచుకోని పరువు ఒక్కటీ లేదు. పిల్లి మెడలో గంట కట్టేవాళ్ళు లేక, అందరూ తిరిగి గున్వోర్ వైపు చూశారు. ఆవిడ కూడా కమిటీలోనే ఉంది. రిలేలో రెండో వంతు ఆవిడదే.

"నా వైపు చూడకండి," అంది గున్వోర్. "నేను ఇరవై ఆరేళ్ళుగా పక్క సీట్లో కూర్చుంటున్నాను. ఇంతవరకు ఒక్కసారి కూడా బ్రేకు మీద కాలు పెట్టనివ్వలేదు."

చివరికి ఎవరి మనసూ నొప్పించని ఉపాయం స్వెర్రెకే తట్టింది. మిట్ట ఎక్కే విద్య నేర్పడానికి పక్క లోయ నుంచి ఒక టీచరును పిలవాలి. ట్రిగ్వె ఒక్కడికే అంటే బాధపడతాడు కాబట్టి ఎండవైపు మొత్తానికీ నేర్పించాలి. ఆరు మంగళవారాలు. అందరూ రావాలి, మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళతో సహా. అప్పటికీ ఆయన తొమ్మిది నిమిషాల్లోపు ఎక్కలేకపోతే, మిట్ట ఓస్నెకు ఇవ్వాలి. ఓస్నె ఆవుల కొట్టం నడిపే ఆవిడ, ముప్ఫై నాలుగేళ్ళు, మిట్టలంటే లెక్కలేదు. నోటీసులో మాత్రం "ఊరి ఆరోగ్యం కోసం" అని రాశారు.

మొదటి మంగళవారం సున్నాకు పద్దెనిమిది డిగ్రీల కింద చలి. అరవై నాలుగు మంది వచ్చారు. ఎనభై ఏళ్ళ ముసలమ్మలు కనురెప్పల మీద మంచు పేరుకుని నిలబడ్డారు. టీచరు పేరు యోరున్. అసలు సంగతి ఆవిడ చెవిలో ముందే వేశారు. పాపం ఆవిడ కూడా ఆ కొండల మనిషే కదా, మొహం మీద అనలేదు. ట్రిగ్వె వైపు చూడకుండా, ట్రిగ్వెకు మాత్రమే పనికొచ్చే పాఠం అరవై నాలుగు మందికీ చెప్పింది.

"మనలో కొందరికి," అంది ఆకాశం వైపు చూస్తూ, "ఎప్పుడూ కుడిపక్కే కర్రలు గుచ్చే అలవాటు ఉండొచ్చు. అలాంటివాళ్ళు, ఉంటే గనక, ఈ రోజు ఎడమపక్క గుచ్చి చూద్దాం."

ట్రిగ్వెకు ఆ మాట అమృతంలా వినిపించింది. ఇన్నేళ్ళుగా తను చెబుతున్నదే! వెంటనే స్కీలు తిప్పుకుని వరస పొడుగునా బయల్దేరాడు.

"విన్నారా? ఎడమ! పాస్టరుగారూ, ఎడమన్నది మీకే. నడుం నిటారుగా. మీరు స్కీల మొనలు చూస్తున్నారు, దారి చూడండి. ఓస్నె, అడుగు చిన్నది చెయ్యి, ఇంకా చిన్నది. ఆఁ, అదీ!"

"ట్రిగ్వె, నువ్వు కూడా ఒకసారి..." అంది యోరున్.

"నా సంగతి వదిలెయ్యండి. వీళ్ళను చూడండి ముందు. ఇంతమందికి మీరొక్కరు ఎక్కడ చాలతారు?"

గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. ఇక్కడ గింజ ఊరందరి నలుపూ వెతికి కడిగిపెట్టింది. ట్రిగ్వె చెప్పే తీరులో ఏ లోటూ లేదు మరి. కన్ను పదును, ఓపిక కొండంత. నాలుగో మంగళవారానికి పోస్టాఫీసావిడ రెండు వైపులా మార్చి మార్చి గుచ్చుతూ మేకపిల్లలా ఎక్కింది. పాస్టరు నడుం పదిహేనేళ్ళ తర్వాత నిటారుగా నిలబడింది. మోకాళ్ళు మార్పించుకున్న ముసలాయన గుర్రాలమిట్టను ఆగకుండా ఎక్కి, పైన కూర్చుని ఆరెంజ్ ఒలుచుకుని తిన్నాడు. ఊరంతటికీ మిట్ట ఎక్కడం వచ్చేసింది. ఆరు మంగళవారాల్లో ట్రిగ్వె మిట్ట కింద నుంచి పై దాకా ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కడానికి తీరిక ఏది?

పందేనికి ముందు ఆదివారం స్వెర్రె స్టాప్‌వాచీ పట్టుకుని ఆయన్ను ఎక్కించాడు. కుడి, కుడి, కుడి. పొద. మళ్ళీ కుడి. తొమ్మిది నిమిషాల నలభై నాలుగు సెకన్లు.

"ఎలా ఉందిరా?" అన్నాడు ట్రిగ్వె, ఆయాసంతో కర్రల మీద వాలి.

చెప్పడానికి స్వెర్రె నోరు తెరిచాడు. ఎదురుగా ఆ ఎర్రటి మొహం, మీసాల మీద మంచుముద్దలు, కళ్ళలో గంపెడాశ. "మంచు... మంచు చాలా బాగుందిరా," అన్నాడు. ఇంటికి పోయి, భర్తకు గున్వోరే చెప్పుకుంటుందిలే అనుకుని పడుకున్నాడు. ఛైర్మన్ కదా, స్వెర్రె చెప్పే ఉంటాడని గున్వోర్ అనుకుంది. ఇంట్లో ట్రిగ్వె ఎంతకీ ఆ ఊసెత్తకపోతే, అయ్యో, లోపల లోపలే కుమిలిపోతున్నాడు కాబోలని జాలిపడి, శుక్రవారం రాత్రి రొట్టెల్లో చుట్టుకు తినే టాకోలలో మాంసం రెండు గరిటెలు ఎక్కువ వేసింది.

పందెం రోజు ఎండ తళతళలాడింది. మిట్ట మొదట్లో, వంతు మారే చోట, ట్రిగ్వె ఎండవైపు మూడో వంతుకిచ్చే ఏడో నంబరు జాకెట్టు తొడుక్కుని కాళ్ళు విదిలించుకుంటున్నాడు. పక్కన ఓస్నె వచ్చి నిలబడింది. ఆవిడ ఒంటి మీద కూడా ఏడో నంబరే ఉంది, పైన కోటు గుండీలు మెడ దాకా పెట్టుకుని దాచుకుంది.

"నువ్వెందుకమ్మా ఇక్కడ?" అన్నాడు ట్రిగ్వె.

"స్వెర్రె మీకేం చెప్పలేదా?"

"చెప్పాడుగా. మంచు బాగుందన్నాడు."

ఓస్నె మొహం కందిపోయింది. "నన్ను... ఊరికే ఇక్కడ నిలబడమన్నాడండీ."

"మంచిదే, చూసి నేర్చుకోవచ్చు. నా చేతులు కాదు, కాళ్ళు చూడు."

"సరేనండీ," అంది ఆవిడ. చచ్చేంత సిగ్గుగా ఉన్నా ఆ మాటే వచ్చింది.

అంతలో మలుపులో కేకలు. గున్వోర్ వస్తోంది. ఆవిడ భుజానికి భుజం రాసుకుంటూ నీడవైపు మనిషి. పదకొండేళ్ళలో ఎన్నడూ లేనిది, మిట్ట మొదట్లో రెండు వైపులూ సరిసమానం! ట్రిగ్వె కర్రలు బిగించి పట్టుకున్నాడు. ఇదే ఆ ఏడు. వీపు వంచి, చెయ్యి తగలడం కోసం వెనక్కి చూశాడు.

గున్వోర్ చూసింది. ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరి జాకెట్టు మీద ఏడు, ఇంకొకరి కోటు గుండీల సందులోంచి ఏడు. ఎవ్వరూ చెప్పలేదని ఆవిడకు ఆ క్షణంలో అర్థమైంది. దారి పక్కన రెండు వందల మంది. వాళ్ళ ముందు స్వెర్రె, కిందికి వంగి మంచును గట్టిగా పరీక్షిస్తున్నాడు. ఆవిడకు ఒళ్ళు మండింది. స్వెర్రె మీద, పాస్టరు మీద, ఊరి మీద, అందరికంటే ఎక్కువ తన మీద.

"ట్రిగ్వె! తప్పుకో!" అని అరిచింది. "నీకు ఎక్కడం రాదు!"

థర్మోసులోంచి కాఫీ పోస్తున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఆ లోయలో అంత మంది ముందు అంత సూటిగా ఒక మాట పలకడం ఎవరూ విని ఎరగరు. ట్రిగ్వె తప్పుకున్నాడు. ఎందుకు తప్పుకున్నాడో ఆయనకే తెలియదు, కాళ్ళే తప్పుకున్నాయి. గున్వోర్ చెయ్యి ఓస్నె వీపు మీద పడింది. ఓస్నె కోటు విసిరేసి మిట్ట ఎక్కింది. ఎడమపక్క గుచ్చుతూ, చిన్న చిన్న అడుగులతో, తల పైకెత్తి. ట్రిగ్వె చెప్పింది చెప్పినట్టు.

ఎండవైపు నాలుగు సెకన్ల తేడాతో గెలిచింది.

గెలిచారు గానీ గెలిచినట్టు గంతులెయ్యడానికి ఎవరికీ కాళ్ళు ఆడలేదు. ఒక్కొక్కరే వచ్చి ట్రిగ్వె పక్కన నిలబడ్డారు, ఏదో ఒకటి అన్నారు. "మంచు భలే కుదిరింది కదా," అన్నాడు పాస్టరు. "ఈ ఏడు ఆరెంజ్‌లు తియ్యగా ఉన్నాయి," అంది పోస్టాఫీసావిడ. అన్నింటికీ ట్రిగ్వె "ఊఁ" అన్నాడు. నలుగురిలో చెంపదెబ్బ తిన్నట్టుంది. కారు దాకా నడిచిపోయి, ఇంటి బండి ఎప్పుడూ తనే నడిపే మనిషి, ఈసారి పక్క సీట్లో కూర్చున్నాడు.

కాసేపటికి గున్వోర్ వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది.

"ఆ మంగళవారాలు," అన్నాడు ట్రిగ్వె ముందుకే చూస్తూ. "ఆ కోర్సు. అది నా కోసమా?"

"నీ కోసమే."

"అంతమందీ?"

"అంతమందీ. చలిలో చచ్చారు, పాపం."

ట్రిగ్వె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుతో తిరిగాయో, అరవై నాలుగు మంది గడ్డకట్టిన మొహాలు గుర్తొచ్చి తిరిగాయో చెప్పలేం, రెండూ అయ్యుంటాయి. "మరి నువ్వెందుకు చెప్పలేదు? ఇరవై ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఒక్క మాట చెప్పకూడదా?"

"నువ్వెప్పుడైనా అడిగావా?" అంది గున్వోర్. "చెప్పడమేగా నీకు తెలిసింది. పెళ్ళిలో ఉంగరం ఎలా తొడగాలో కూడా నువ్వే చెప్పావు నాకు. నువ్వు ఊపిరి పీల్చుకునే సందులో నేను మాట్లాడాలి. ఆ సందులో ఎంత పడుతుంది?"

ట్రిగ్వె నోరు తెరిచాడు, మూశాడు. ఆయన నోరు అలా ఉత్తినే మూసుకోవడం గున్వోర్ మొదటిసారి చూసింది.

సాయంత్రం నాలుగయింది. జనం ఇళ్ళకు పోయారు. కొండ కొమ్ము మీద ఇంకా కాస్త ఎండ మిగిలి ఉంది. ట్రిగ్వె కారు దిగి, డిక్కీలోంచి స్కీలు తీసి, గుర్రాలమిట్ట మొదట్లో కట్టుకున్నాడు.

"రా," అన్నాడు. "వెనకే ఉండు. అడుగుతున్నాను. చెప్పు."

"బాధపడవు కదా?"

"పడతాను. అయినా చెప్పు."

మొదటి పది గజాలు గున్వోర్ నంగినంగిగా మొదలుపెట్టింది. "ఎడమ... కాదు, ఎడమ. కర్రలు ఎడమ కాలితో పాటు." ట్రిగ్వె ఎడమ గుచ్చి, కాలికి కాలు తగిలి, బోర్లా పడ్డాడు. లేచాడు. "తలెత్తు. నేల మీద ఏం పారేసుకున్నావ్? అడుగు తగ్గించు. ఇంకా తగ్గించు." మళ్ళీ పడ్డాడు, మళ్ళీ లేచాడు. పాతిక గజాలకు ఆవిడ గొంతు తెరుచుకుంది. యాభై గజాలకు మాట స్కీలను దాటి ఇంటి సంగతుల్లోకి పోయింది. "ఎడమ! నడుం! ఇంకోటి, బంగాళాదుంపల తొక్క నాకు తీయడం వచ్చు, నీకంటే పల్చగా వచ్చు. ఎడమ! మా అమ్మకు సూపు ఎలా తాగాలో చెప్పావు చూడు, ఆవిడ వెళ్ళేదాకా ఏడ్చింది తెలుసా? తలెత్తు! ఇక గ్యారేజీ. ఆ కారు మంచులో ఉంటే పొద్దున్నే గీకేది ఎవరనుకున్నావ్?"

ట్రిగ్వె ఎక్కుతున్నాడు. ఎడమ గుచ్చుతున్నాడు, పల్లానికి జారట్లేదు. ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. పొదలు పక్కనుంచి దాటిపోయాయి కూడా, ఆయన చూసుకోలేదు. పైకి చేరేసరికి పదకొండు నిమిషాలు పట్టింది, ఆయన జన్మలో అంత ఆలస్యంగా ఎప్పుడూ ఎక్కలేదు. గున్వోర్ చిట్టా ఇంకా పెళ్ళయిన మూడో ఏడు దగ్గరే ఉంది.

ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ట్రిగ్వె మొహం తుడుచుకుని, వెనక్కి తిరిగి మిట్ట కిందికి చూశాడు.

"మళ్ళీ కింద నుంచి ఎక్కుదామా?" అన్నాడు. "ఇంకా ఇరవై మూడేళ్ళున్నాయి."